కంటికి కానరాని కణములు - వాని అడుగుజాడలు

వేకువజామున చెరువుగట్టు వెంట నడచిపోవు రైతు తడిమట్టిలోని గురుతులను చూచి, రాత్రి ఆ దారిని ఏ పశువు పోయినదో చెప్పగలడు. గిట్ట దిగిన లోతును బట్టి దాని బరువును, గురుతుకును గురుతుకును నడుమనున్న ఎడమును బట్టి అది నడచినదో పరుగిడినదో గ్రహించును. గురుతులు తిరిగియున్న వైపును చూచి అది పోయిన దిక్కును చెప్పును. పశువును ఆతడు చూడలేదు. ఐనను ఆతని మాటను ఊరివారు నమ్ముదురు. ఏలయన ఆ మాటకు నేలయే సాక్షి. గట్టు తగవులలోను, పశువులు పైరు మేసిన తగవులలోను పంచాయతీ పెద్దలు ఇట్టి సాక్ష్యమును అనేక పర్యాయములు విచారించియే యుందురు.

విజ్ఞానశాస్త్రమునందును ఇట్టి జాడ తీయు విద్య ఒకటి కలదు. పరమాణువుకన్న సూక్ష్మమైన కణములను ఇంతవరకు ఎవరును కంటితో చూచి యుండలేదు. అట్లయ్యు వాని బరువెంతయో, వేగమెంతయో, ఏ దిక్కునుండి వచ్చి ఏ దిక్కునకు పోయినవో శాస్త్రజ్ఞులు నిర్ధారణగా చెప్పగలుగుచున్నారు. ఆ కణములు విడిచిపోవు జాడలే వారికి ఆధారము. ఆ జాడలు ఎట్లు ఏర్పడునో, వానిని ఎట్లు చదువుదురో, ఆ సాక్ష్యమును ఎంతవరకు నమ్మవచ్చునో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఈ సంగతులతో పంచాయతీ సభ్యులకేమి పని అని కొందరు అడుగవచ్చును. ఎక్స్‌రే యంత్రము నేడు చిన్న పట్టణముల ఆసుపత్రులకును వచ్చినది. పరిశోధనలు నగరములను విడిచి కొండలకును గనులకును చేరినవి. ఒక గ్రామము సమీపమున అట్టి నిర్మాణము తలపెట్టినప్పుడు దానిని గూర్చి ప్రజలు మొట్టమొదట అడుగునది తమ పంచాయతీ సభ్యులనే. తెలియక భయపడుట, తెలియక తలయూచుట - ఈ రెండును గ్రామమునకు నష్టమే. కావున సభ్యులు ఈ విషయమును ఓపికతో చదువవలెనని కోరుచున్నాము.

కణములు, వాని జాడలు

మట్టి, నీరు, గాలి, మన శరీరము - సమస్తమును పరమాణువులచే నిర్మితమైనవి. ఒక సెంటీమీటరు పొడవున వరుసగా పేర్చినచో కోట్లకొలది పరమాణువులు పట్టును. పరమాణువు నడుమ కేంద్రకము కలదు. అది పరమాణువులో పదివేలవ వంతుకన్నను చిన్నది. అందు ప్రోటానులు, న్యూట్రానులు ఉండును. దాని చుట్టును ఎలక్ట్రానులు ఉండును. ప్రోటానుకు ధన విద్యుత్తును, ఎలక్ట్రానుకు ఋణ విద్యుత్తును కలవు. న్యూట్రానుకు ఏ విద్యుత్తును లేదు.

ఇట్టి కణములు కొన్ని పరమాణువులనుండి విడివడి మహావేగముతో ఎల్లవేళల మన చుట్టును పోవుచునే యున్నవి. అంతరిక్షమునుండి వచ్చు విశ్వకిరణములు భూమిపైనున్న వాయుమండలమును తాకినప్పుడు అనేక కొత్త కణములు పుట్టును. వానిలో మ్యుయాను అను కణములు నేలవరకును దిగివచ్చును. చదరపు సెంటీమీటరు చోటున నిమిషమునకు సుమారు ఒక మ్యుయాను పడును. అనగా మనము అరచేయి చాచి యుంచినచో సుమారు క్షణమునకొకటి వంతున దాని గుండా దూసికొనిపోవుచుండును. ఇది నేడు కొత్తగా వచ్చిపడినది కాదు. మానవుడు పుట్టక పూర్వమునుండియు జరుగుచున్నదే.

విద్యుత్తు గల కణము ఒక వస్తువు గుండా పోవునప్పుడు దారికి ఇరుప్రక్కలనున్న పరమాణువులనుండి ఎలక్ట్రానులను ఊడగొట్టుచు పోవును. బెదరిన ఆబోతు జొన్నచేనికి అడ్డముపడి పరుగిడిన తీరును తలచుకొనుడు. ఆబోతు అవతలకు పోయినను, విరిగిన దంట్లు అది పోయిన బాటను చూపుచునే యుండును. ఎలక్ట్రానును పోగొట్టుకొనిన పరమాణువులే ఇచ్చట విరిగిన దంట్లు. వానికి అయానులని పేరు. అయానుల వరుసయే కణముయొక్క జాడ.

కాని అయానులు సైతము కంటికి కానరానివే. కావున ఆ చిన్న జాడను పెద్దదిగా చేసి చూపు ఉపాయము కావలెను. అంచువరకు నిండిన కుండలో ఇంకొక్క చుక్క పడినను నీరు పొరలిపారును. చుక్క చిన్నదే, కుండ నిండియుండుటయే అందలి రహస్యము. కణముల జాడలను పట్టు పరికరములలో పెక్కింటికి మూలసూత్రమిదియే. గాలినో, ద్రవమునో, ఫోటో ప్లేటునో పొరలిపారుటకు సిద్ధముగా నుంచుదురు. కణము పోయినచోటనే ఆ మార్పు మొదలగును. మొట్టమొదట ఈ ఉపాయము ఒక కొండపై కమ్మిన మేఘమును చూచినవారికి తట్టినది.

కొండమీది మేఘము

స్కాట్లండు దేశమున బెన్ నెవిస్ అను పర్వతము కలదు. దాని ఎత్తు 1,345 మీటర్లు. బ్రిటనులో అదియే మిక్కిలి ఎత్తైన శిఖరము. పూర్వము ఆ శిఖరముపై వాతావరణ పరిశీలనాలయ ముండెడిది. 1894 సెప్టెంబరులో సి. టి. ఆర్. విల్సన్ అను యువ శాస్త్రజ్ఞులు రెండు వారములు అచ్చట గడపిరి. మేఘములపై సూర్యకాంతి పడినప్పుడు ఏర్పడు రంగుల వలయములు ఆయనను ఆకర్షించినవి. అట్టి మేఘమును ప్రయోగశాలలో తామే చేసి చూడవలెనని ఆయన సంకల్పించి, కేంబ్రిడ్జిలో 1895లో ఆ పని ప్రారంభించిరి.

సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు వేడెక్కుట మనకందరకును అనుభవమే. గాలిని అదిమినచో వేడెక్కును. అదిమిన గాలిని ఒక్కసారి విడిచినచో చల్లబడును. విల్సన్ తేమతో నిండిన గాలిని గాజుపాత్రలో నుంచి, దాని అడుగుపలకను హఠాత్తుగా క్రిందికి జార్చిరి. చోటు పెరిగి గాలి చల్లబడెను; చల్లని గాలి అంత తేమను పట్టియుంచజాలక మేఘము కట్టెను.

నీటిబిందువు కట్టుటకు ఒక ఆధారము కావలెను. సాధారణముగా గాలిలోని ధూళి ఆ ఆధారము. విల్సన్ మరల మరల మేఘమును కట్టించి, ధూళినంతయు బిందువులతో పాటు అడుగునకు దింపివేసిరి. ధూళి తొలగిన గాలిలో సులభముగా మేఘము కట్టలేదు. ఐనను గాలిని మరికొంత ఎక్కువగా వ్యాకోచింపజేసినప్పుడు కొద్దిపాటి బిందువులు ఏర్పడుచునే యుండెను. అవి దేనిని పట్టుకొని కట్టినవి? 1895 చివర రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొనిరి. మరుసటి సంవత్సరమే విల్సన్ ఆ కిరణములను తమ పాత్రపై ప్రసరింపజేయగా దట్టమైన పొగమంచు కమ్మెను. ధూళి లేనిచోట నీటిబిందువులకు అయానులే ఆధారమగుచున్నవని ఇట్లు తేలెను.

ఇక మిగిలినది ఒక అడుగు. అయానులు బిందువులకు ఆధారమైనచో, ఒకే కణము విడిచిపోయిన అయానుల వరుసపై బిందువుల వరుస కట్టవలెను గదా! 1911లో విల్సన్ ఆ దృశ్యమును కన్నులార చూచిరి. రేడియము నుండి వెలువడిన ఒక్కొక్క కణము వెంట సన్నని తెల్లని మేఘపు చార ఏర్పడెను. మిక్కిలి ఎత్తున పోవు విమానము మన కంటికి ఆనదు. దాని వెనుక తెల్లని చార మాత్రము ఆకాశమున నిలిచియుండును. అట్లే ఇచ్చటను కణము కనబడలేదు. అది పోయిన దారి కనబడెను. ఈ పరికరమునకు మేఘపేటిక అని పేరు పెట్టుకొందము. ఇందులకై విల్సన్ 1927లో నోబెల్ బహుమానమును పొందిరి.

జాడను చదువుట

జాడ కనబడినంతమాత్రమున పని ముగియదు. దానిని చదువ నేర్వవలెను. బరువైన ఆల్ఫా కణము దారిలోని పరమాణువులను దట్టముగా అయానులుగా మార్చును. కావున దాని జాడ లావుగాను, పొట్టిగాను, తిన్నగాను ఉండును. తేలికయైన ఎలక్ట్రాను జాడ సన్నగా నుండి, వేగము తగ్గినకొలది వంకరలు పోవుచుండును. ఎద్దుబండి గాడికిని, కోడిపిల్ల అడుగులకును గల భేదమువంటిదే ఇది.

పేటికను బలమైన అయస్కాంతముల నడుమ నుంచినచో మరియొక సంగతి తెలియును. విద్యుత్తు గల కణము అయస్కాంత ప్రభావమున వంగి పోవును. ధన విద్యుత్తు గలది ఒక వైపునకు, ఋణ విద్యుత్తు గలది రెండవ వైపునకు వంగును. ఒకే తరగతి కణములలో మెల్లగా పోవునది ఎక్కువగాను, వడిగా పోవునది తక్కువగాను వంగును. అనగా జాడ వంపును కొలిచి కణముయొక్క వేగబలమును లెక్కింపవచ్చును.

ఇందొక చిక్కు కలదు. పైనుండి క్రిందికి పోవు ధన కణమును, క్రిందినుండి పైకి పోవు ఋణ కణమును ఒకే వైపు వంగిన గీతను గీయును. గీతను మాత్రమే చూచినవారికి రెంటికిని భేదము తెలియదు. 1932లో అమెరికాయందు కార్ల్ ఆండర్సన్ అను శాస్త్రజ్ఞులు ఈ చిక్కును విప్పిరి. పేటిక నడుమ 6 మిల్లీమీటర్ల మందముగల సీసపు పలకను అడ్డముంచిరి. సీసమును దాటిన కణము కొంత బలమును కోల్పోవును. కావున దాటిన తరువాత దాని దారి మరింత వంగవలెను. ఏ వైపున వంపు ఎక్కువో, కణము ఆ వైపునకు పోయినదని నిశ్చయముగా చెప్పవచ్చును. పిల్లకాలువ గట్టు దాటిన మనిషి కాలి బురద, గట్టునకు ఏ ప్రక్కన కనబడునో చూచి ఆతడు పోయిన దిక్కును చెప్పుట వంటిదే ఈ యుక్తి.

అట్లు చూడగా ఒక ఛాయాచిత్రమున ఆశ్చర్యకరమైన జాడ కనబడెను. కణము పోయిన దిక్కును బట్టి దానికి ధన విద్యుత్తు గలదని తేలెను. కాని జాడ పొడవును, సన్నదనమును చూడగా అది ప్రోటాను కాజాలదు, ఎలక్ట్రానంత తేలికయైనది. అనగా ధన విద్యుత్తు గల ఎలక్ట్రాను. దీనికి పాజిట్రాను అని పేరు వచ్చినది. ఇట్టి కణము ఉండవలెనని డిరాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు అంతకు ముందే గణితముచే ఊహించి యుండిరి. ఆండర్సన్‌కు 1936లో నోబెల్ బహుమానము లభించినది. ఒక సీసపు పలకను నడుమ నిలుపవలెనను బుద్ధి లేకున్నచో ఆ గీతకు రెండు అర్థములు ఉండియే పోయెడివి.

ఒక సాక్షి చాలదు

మేఘపేటిక ఒక్కసారి వ్యాకోచించినప్పుడు క్షణకాలము మాత్రమే జాడలను చూపగలదు. విశ్వకిరణము ఎప్పుడు వచ్చునో ఎవరికి తెలియును? తోచినప్పుడెల్ల ఫోటోలు తీసినచో పెక్కు చిత్రములు వట్టివిగా పోవుచుండెను. కేంబ్రిడ్జిలో బ్లాకెట్, ఇటలీ దేశీయులైన ఒకియాలీనీ అను ఇద్దరు దీనికి మంచి ఉపాయమును కనుగొని, 1932లో అమలునకు తెచ్చిరి. కణము తాకగానే విద్యుత్ సంకేతము నిచ్చు గైగర్ గొట్టములను పేటికకు పైన ఒకటి, క్రింద ఒకటి ఉంచిరి. ఒక గొట్టము మాత్రమే పలికినచో లెక్కపెట్టరాదు. రెండును ఒకేసారి పలికినచో ఒక కణము పైనుండి క్రిందివరకు పేటిక గుండా పోయినదని అర్థము. అప్పుడే పేటిక వ్యాకోచించి ఫోటో పడునట్లు ఏర్పాటు చేసిరి. కణమే వచ్చి తన ఛాయాచిత్రమును తానే తీయించుకొనినట్లైనది.

ఇందలి న్యాయము పంచాయతీ పెద్దలకు కొత్తది కాదు. ఒకరి మాటపై తీర్పు చెప్పరు. ఒకరితో ఒకరు మాటాడుకొనని ఇద్దరు వేర్వేరుగా ఒకే సంగతిని చెప్పినప్పుడు దానికి విలువ ఎక్కువ. నేటి మహాపరికరములలోను ఇదే నియమము పాటింపబడుచున్నది.

ప్లేట్లు, బుడగలు, తీగలు

మేఘపేటిక తరువాత మరికొన్ని పద్ధతులు వచ్చినవి. ఫోటో ప్లేటుపై పూయు పదార్థమున వెండి సమ్మేళనపు రవ్వలు ఉండును. కణము వాని గుండా పోయినచో, ప్లేటును కడిగినప్పుడు ఆ దారి వెంట నల్లని చుక్కలు తేలును. వానిని సూక్ష్మదర్శినితో వెదకవలెను. ఈ పద్ధతియందు మన దేశీయుల కృషి స్మరింపదగినది. కలకత్తాలోని బోసు విజ్ఞాన సంస్థకు చెందిన దేవేంద్ర మోహన్ బోసు, బిభా చౌధురి అను వారు హిమాలయ ప్రాంతమున డార్జిలింగు, సందక్‌ఫూ మొదలగు ఎత్తైన చోట్ల ప్లేట్లను నెలల తరబడి ఉంచి, విశ్వకిరణముల జాడలను సేకరించిరి. ఎలక్ట్రానుకన్న రమారమి రెండువందల రెట్లు బరువైన కణముల జాడలను గూర్చి 1940 మొదలు 1942 వరకు వారు 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. యుద్ధకాలమగుటచే మేలురకపు ప్లేట్లు వారికి దొరకలేదు. తరువాత ఇంగ్లండులో పావెల్ బృందమువారు మేలురకపు ప్లేట్లతో అట్టి పద్ధతిని సాగించి 1947లో పయాను అను కణమును కనుగొనిరి. 1950లో పావెల్‌కు నోబెల్ బహుమానము వచ్చినది. మన వారికి బుద్ధి కొరవడలేదు, పనిముట్టు కొరవడినది.

1952లో అమెరికాయందు గ్లేసర్ అను వారు బుడగల పేటికను నిర్మించిరి. ఇందు మేఘమునకు బదులు ద్రవము ఉండును. ద్రవమును ఒత్తిడిలో నుంచి కాచి, ఒత్తిడిని హఠాత్తుగా తగ్గించినచో అది తెర్లుటకు సిద్ధముగా నుండియు ఒక క్షణము తెర్లదు. ఆ క్షణమున కణము పోయినచో దాని దారి వెంట చిన్న బుడగల వరుస లేచును. గాలికన్న ద్రవము చిక్కనిది కావున జాడలు ఎక్కువగా చిక్కును. గ్లేసర్‌కు 1960లో నోబెల్ బహుమానము లభించినది.

1968లో షార్పాక్ అను వారు ఫోటోలతో పనిలేని మార్గమును చూపిరి. వాయువుతో నిండిన పెట్టెలో సన్నని తీగలను మగ్గముపై పడుగువలె బిగించి, వానికి విద్యుత్తును కలిపిరి. కణము ఏ తీగ చేరువగా పోయినచో ఆ తీగ సంకేతము నిచ్చును. తీగల సంకేతములను కంప్యూటరు కూర్చి జాడను గీయును. ఇందులకు 1992లో నోబెల్ బహుమానము వచ్చినది. నేడు స్విట్జర్లాండు, ఫ్రాన్సు సరిహద్దున సెర్న్ సంస్థవారి 27 కిలోమీటర్ల వలయమున, వాయువుతో పాటు పలుచని సిలికాను పలకలును ఈ పనిని చేయుచున్నవి. అచ్చట 2012 జూలైలో హిగ్స్ కణము దొరికినట్లు ప్రకటించిరి. ఆ కణము పుట్టినవెంటనే విచ్ఛిన్నమగును గావున దాని జాడను ఎవరును చూడలేదు. దానినుండి పుట్టిన కణముల ఆనవాళ్ళను కూడి లెక్క వేసి దానిని గుర్తించిరి.

జాడ లేనిదాని జాడ

విద్యుత్తు లేని కణములు అయానుల వరుసను విడువవు. అట్టివానిని పట్టుట ఎట్లు? అవి దేనినైన తాకినప్పుడో, లేక విచ్ఛిన్నమైనప్పుడో పుట్టు ఇతర కణములే సాక్ష్యము. 1947లో మాంచెస్టరులో రోచెస్టర్, బట్లర్ అను వారికి ఒక మేఘపేటిక చిత్రమున ఏమియు లేనిచోట హఠాత్తుగా రెండు చారలు పంగలకఱ్ఱవలె చీలి కనబడెను. జాడ విడువని కణమొకటి అంతవరకు వచ్చి అచ్చట రెండుగా విచ్ఛిన్నమైనదని వారు నిర్ణయించిరి. కంచెకు ఇవతల ఏ అడుగును లేకపోయినను, అవతల రెండు జతల అడుగులు మొదలైనచో కంచె కడ ఏదియో జరిగినదని మనము అనుమానింపమా?

జాడ విడువని కణములలో న్యూట్రినో అతి గుప్తమైనది. సూర్యునినుండి వచ్చు న్యూట్రినోలు ఒక్క చదరపు సెంటీమీటరు గుండా క్షణమునకు సుమారు 6,500 కోట్లు పోవుచున్నను మనకు ఏమియు తెలియదు. భూగోళమును సైతము అవి అనాయాసముగా దాటిపోవును. వానిలో ఏ ఒక్కటియో మాత్రము ఎచ్చటనో ఒక పరమాణువును తాకును.

దానిని పట్టుటకు మన తెలుగుసీమకు ఆనుకొనియున్న ఒక స్థలము ప్రపంచ ప్రసిద్ధి గన్నది. చిత్తూరు జిల్లాకు చేరువనే, కర్ణాటక రాష్ట్రమున కోలారు బంగారు గనులు కలవు. తమిళ, తెలుగు కుటుంబములనేకము ఆ గనులలో తరతరములు పనిచేసినవి. 1960వ దశకమున బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు ఆ గనులలో వివిధ లోతులయందు విశ్వకిరణ కణములను లెక్కించిరి. లోతునకు దిగినకొలది పైనున్న రాతిపొర మ్యుయానులను జల్లెడవలె ఆపివేయుచుండెను. మిక్కిలి లోతైన చోట నెలల తరబడి కాచినను మ్యుయాను కానరానంతగా నిశ్శబ్దమయ్యెను. ఇతర సవ్వడి లేనప్పుడే గదా గుసగుస వినబడునది!

అప్పుడు టాటా సంస్థవారు జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయము, ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయము వారితో కలిసి, సుమారు 2,300 మీటర్ల లోతున పరికరములను నిలిపిరి. కణము తాకినప్పుడు వెలుగునిచ్చు సింటిలేటరు పలకలను ఎదురెదురు గోడలవలె నిలిపి, నడుమ నియాను గొట్టములను వరుసలుగా పేర్చిరి. ఎదురెదురు గోడలు రెండును ఒకేసారి పలికినచో, కణము పోయిన దారిలోని గొట్టములు మెరసి జాడను చూపును. ఇచ్చటను ఇద్దరు సాక్షులే!

వారి యుక్తి ఇది. ఆకాశమునుండి వచ్చు మ్యుయాను అంత లోతునకు దిగినను పైనుండి నిలువుగానే రావలెను. అడ్డముగా రావలెనన్నచో మరెన్నో మైళ్ళ రాతిని దాటవలెను, అది దానికి అసాధ్యము. కావున అడ్డముగా వచ్చిన జాడ కనబడినచో, ఆ కణము ఆకాశమునుండి దిగినది కాదు. రాతిని దాటివచ్చిన న్యూట్రినో చేరువనున్న రాతిలో పుట్టించినదే కావలెను. 1965లో అట్టి జాడలు కనబడినవి. అవి వ్రేళ్ళపై లెక్కింపదగినన్నియే. వాయుమండలమున పుట్టిన న్యూట్రినోలను గుర్తించినట్లు ఆ సంవత్సరము ఆగస్టులో వారు ప్రకటించిరి. ఇంచుమించు అదే సమయమున దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో మరియొక బృందమువారును అట్లే ప్రకటించిరి. కోలారు గనులు 2001లో మూతబడినవి. ఆ లోతున కనబడిన కొలదిపాటి జాడలు మాత్రము శాస్త్ర చరిత్రలో నిలిచిపోయినవి.

గ్రామమునకు దీనివలన తెలియవలసినది

ఇంతవరకు చెప్పిన పరికరములన్నింటికిని సమానమైన గుణమొకటి కలదు. ఇవి కణములను పుట్టించునవి కావు, వెదజల్లునవి కావు. తమ గుండా ఎట్లును పోవు కణములను గమనించునవి మాత్రమే. సాక్షి నేరము చేయడు, చూచినది చెప్పును. ఈ భేదము తెలియకపోవుట వలన చిక్కులు కలుగుచున్నవి.

తమిళనాడులోని తేని జిల్లాయందు పొట్టిపురము చేరువ కొండలో న్యూట్రినో పరిశీలనాలయమును కట్టుటకు 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది. కొండలోనికి సుమారు 2 కిలోమీటర్ల సొరంగము త్రవ్వి, 50,000 టన్నుల ఇనుముతో పరికరమును నిర్మింప దలచిరి. ఆ ప్రాంతపు ప్రజలు అభ్యంతరములు తెలిపిరి. వ్యవహారము న్యాయస్థానములకు పోయినది. 2022లో తమిళనాడు ప్రభుత్వమును సుప్రీం కోర్టునందు ఆ ప్రయత్నమునకు విముఖత తెలిపినది.

ఆ అభ్యంతరములలో రెండు విధములు కలవు. పరికరమునుండి ప్రమాదకరమైన కిరణములు వెలువడునేమోయనునది మొదటిది. ఈ సందేహమునకు ఈ వ్యాసములోని విషయమే సమాధానము: కొండలో పరికరము ఉన్నను లేకున్నను ఆకాశమునుండి వచ్చు న్యూట్రినోలు ఆ గ్రామము గుండా పోవుచునే యుండును. రాతిని పేల్చునప్పుడు ఏమగును, నీటి ఊటలు ఏమగును, అడవి జంతువుల దారి ఏమగును అనునది రెండవది. ఇవి న్యాయమైన ప్రశ్నలు. వీనికి సమాధానము చెప్పుట నిర్మింపదలచినవారి విధి. మొదటి విధపు భయము రెండవ విధపు ప్రశ్నతో కలిసిపోయినచో న్యాయమైన ప్రశ్నకు కూడ బలము తగ్గును. దేనిని అడుగవలెనో తెలిసి అడుగుటయే పంచాయతీకి బలము.

మరియొక ఉదాహరణము మనకు మరింత సమీపమైనది. ఎక్స్‌రే యంత్రము సాక్షి కాదు. అది నిజముగా కిరణములను వెలువరించును. కావున దాని కడ పనిచేయు ఉద్యోగి రొమ్ముపై ఒక చిన్న బ్యాడ్జీని ధరింపవలెను. ఆతనిపై పడిన కిరణముల మొత్తమును ఆ బ్యాడ్జీలోని బిల్లలు తమలో దాచుకొనును. తరువాత ప్రయోగశాలలో వానిని వేడిచేయగా, గ్రహించిన కిరణములకు తగినంత వెలుగును ఇచ్చును. ఆ వెలుగును కొలిచి, ఉద్యోగిపై కిరణములు హద్దుమీరి పడినవో లేదో తెలిసికొందురు. ఆసుపత్రి సలహా సంఘములలో ఉన్న సభ్యులు, ఎక్స్‌రే గదికి పోయినప్పుడు ఆ ఉద్యోగి బ్యాడ్జీ ధరించెనా, అది సకాలమున పరీక్షకు పంపబడుచున్నదా అని అడుగుట మంచిది. ఒక మనిషి ఆరోగ్యము ఆ ప్రశ్నపై ఆధారపడి యుండవచ్చును.

పాఠశాలలో చూపదగిన ప్రయోగము

మేఘపేటికను ఉన్నత పాఠశాలలో సైతము చేయవచ్చును. మూతగల గాజుపెట్టె లోపల పైభాగమున దళసరి ఊలు గుడ్డను అంటించి, దానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడుపుదురు. పెట్టె అడుగున నల్లని లోహపు రేకును అమర్చి, ఆ రేకు క్రింద పొడిమంచు అనబడు గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడును పరతురు. దాని చల్లదనము సున్నకు దిగువన 78 డిగ్రీలు. పైనుండి దిగు ఆల్కహాలు ఆవిరి అడుగున మిక్కిలి చల్లబడి, బిందువులు కట్టుటకు సిద్ధముగా నుండును. గది చీకటి చేసి ప్రక్కనుండి టార్చిలైటు వేసి కొంతసేపు ఓపికతో చూచినచో, రేకుపై సన్నని తెల్లని దారములు పుట్టి క్షణములో కరగిపోవుట కనబడును. అవియే విశ్వకిరణ కణముల జాడలు.

పొడిమంచును వట్టిచేతులతో తాకరాదు, చర్మము కాలినట్లగును. దానిని బిగువుగా మూసిన పాత్రలో నుంచరాదు. గాలి ఆడని గదిలో వాడరాదు. ఆల్కహాలు దరిదాపుల నిప్పు ఉండరాదు. సైన్సు ఉపాధ్యాయుని పర్యవేక్షణలోనే ఈ ప్రయోగము జరుగవలెను.

గ్రామోత్సవము నాడో, పాఠశాల వార్షికోత్సవము నాడో పంచాయతీవారు పూనుకొని ఇట్టి ప్రదర్శనమును ఏర్పాటు చేయింప కోరుచున్నాము. ఖర్చు స్వల్పము, ఫలితము గొప్పది. చీకటి గదిలో ఆ తెల్లని దారమును కన్నులార చూచిన బాలుడు, బాలిక ఒక సంగతిని జన్మలో మరువరు: కనబడనిదెల్ల లేనిది కాదు, వినబడినదెల్ల నిజమును కాదు. జాడను వెదకవలెను, కొలువవలెను, రెండవ సాక్షిని అడుగవలెను, ఆ తరువాతనే తీర్పు చెప్పవలెను. శాస్త్రజ్ఞుల పద్ధతి ఇదియే. మంచి పంచాయతీ పద్ధతియు ఇదియే.